గొట్టం మంచిదే, గుండెందుకు పక్కకు పోతోంది?

అమెరికాలోని మిషిగన్ పల్లెల్లో నవంబర్ 15 అంటే పండగ రోజు లెక్క. తుపాకీతో తెల్లతోక జింకల్ని వేటాడే గడువు ఆ ఉదయం మొదలై నెలాఖరుతో ముగుస్తుంది. కొన్ని ఊళ్ళలో ఆ రోజు బడులకు కూడా సెలవిస్తారు. అందుకే అక్టోబరు వచ్చిందంటే ఫైరింగ్ రేంజీలు కిటకిటలాడతాయి. ఏడాదంతా బీరువాలో పడుకున్న రైఫిల్ గురి సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి కదా.

అక్కడ తరచూ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఒక వేటగాడి చేతిలో నాలుగైదు వందల డాలర్ల చవక రైఫిల్, నల్ల ప్లాస్టిక్ స్టాక్. ముందు భాగాన్ని ఇసుక సంచి మీద ఆనించి, వంద మీటర్ల దూరంలోని అట్ట మీదికి మూడు తూటాలు పేల్చితే మూడూ మూడు సెంటీమీటర్ల లోపే పడ్డాయి. ఆ ధరకు అంతకన్నా ఏం కావాలి? తర్వాత అదే రైఫిల్‌కు ముందు వైపు బైపాడ్ అనే రెండు కాళ్ళ స్టాండు తగిలించి, దాని మీదికి కాస్త ఒరిగి, మళ్ళీ మూడు పేల్చాడు. ఈసారీ రంధ్రాలు పక్కపక్కనే ఉన్నాయి. కానీ ఆ గుంపు గుంపంతా నాలుగు వేళ్ళ ఎత్తు పైకి జరిగిపోయింది. గురి చూసే స్కోప్‌ను ఎవరూ ముట్టుకోలేదు. తూటాలు ఒకే పెట్టెలోవి. గాలి వీచడం లేదు. చేయి వణికి ఉంటే రంధ్రాలు చెల్లాచెదురు కావాలి, అదీ లేదు.

జరిగిందల్లా ఒకటే. గొట్టం కింద ఉన్న ప్లాస్టిక్ వంగి, గొట్టాన్ని తాకింది.

చవక ఎక్కడ చేశారు?

రైఫిల్‌లోని లోహపు భాగాలన్నిటినీ పట్టుకుని ఉండేది స్టాక్. వెనక భుజానికి ఆనే మడమ, మధ్యలో రిసీవర్ (గొట్టం వెనక చివర బిగించే లోహపు భాగం) కూర్చునే గుంట, ముందు చేత్తో పట్టుకునే దోనె లాంటి భాగం, అన్నీ కలిసి ఒకటే ముక్క. ఒకప్పుడు ఇది వాల్‌నట్ కర్రతో చేసేవారు. కర్రను ఏళ్ళ తరబడి ఆరబెట్టాలి, చెక్కాలి, లోహానికి అతికేలా లోపల తొలచాలి, నూనె పట్టించాలి. అంతా మనిషి చేతి పని, అంటే డబ్బు.

విచిత్రం ఏమిటంటే, చవక రైఫిళ్ళలో గొట్టం చవకబారుది కాదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు జర్మనీలో మొదలైన ఒక పద్ధతి ఉంది. గుండును తిప్పే లోపలి మెలిగాడుల ఆకారం ఉన్న గట్టి కడ్డీని గొట్టంలో పెట్టి, బయటి నుంచి యంత్రపు సుత్తులతో బాదుతారు. గాడులన్నీ ఒక్క దఫాలో అచ్చు పడిపోతాయి. ఇక గొట్టాన్ని రిసీవర్‌లోకి బిగించేటప్పుడు తూటా కూర్చునే గది లోతు వెంట్రుకవాసి తేడా లేకుండా కుదరాలి. పూర్వం అది పనితనం తెలిసిన మనిషి ఓపికగా చేసే పని. 1958లో వచ్చిన సావేజ్ 110 మోడల్‌లో గొట్టం మొదలు దగ్గర ఒక పెద్ద నట్టు పెట్టి, ఆ పనిని కొలత చూసి బిగించే పనిగా మార్చేశారు. ఇలాంటి సదుపాయాలన్నీ కలిసి, 2010 తర్వాత బజారుకొచ్చిన సావేజ్ ఆక్సిస్, రూగర్ అమెరికన్ లాంటి రైఫిళ్ళకు ఖరీదైన వాటితో పోటీపడే గురి తెచ్చిపెట్టాయి.

మరి ధర తగ్గించడానికి ఇంకా మిగిలిందేమిటి? స్టాక్. ప్లాస్టిక్ గుళికల్ని కరిగించి ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో ఎక్కిస్తే చూస్తుండగానే స్టాక్ బయటికొస్తుంది. అచ్చు ఖరీదెక్కువే కానీ, లక్షల స్టాకుల మీద పంచుకుంటే ఒక్కోదానికి పడేది స్వల్పం. ఇందులో ఒక మెలిక ఉంది. మందంగా పోసిన ప్లాస్టిక్ త్వరగా చల్లారదు. చల్లారేటప్పుడు లోపలికి కుంగి సొట్టలు పడుతుంది, అచ్చును ఎక్కువసేపు ఆపేస్తుంది. అందుకని గోడలు పలుచగా, అటూఇటుగా మూడు మిల్లీమీటర్ల మందాన ఉంచి, లోపల అక్కడక్కడా అడ్డపట్టీలు పెడతారు. పైకి దిట్టంగా కనిపించే స్టాక్ లోపల బోలు. వేలితో కొడితే డొల్ల శబ్దం వస్తుంది.

ప్లాస్టిక్ అనగానే తీసిపారేయనక్కర్లేదు. 1959లో రెమింగ్టన్ కంపెనీ నైలాన్ 66 అనే చిన్న .22 రైఫిల్‌ను నైలాన్ స్టాక్‌తో తెచ్చింది. ఆ కంపెనీ తరఫున ప్రదర్శనలిచ్చే టామ్ ఫ్రై అనే గురికాడు అదే ఏడాది గాల్లోకి విసిరిన 1,00,010 చెక్కముక్కల్ని కాల్చి, ఆరింటిని మాత్రమే వదిలేశాడు. ఆ నైలాన్ రైఫిళ్ళు పది లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. కాకపోతే .22 తన్నుడు చిన్నది, దాని పల్లా తక్కువ. జింకల వేటకు వాడే .308 సంగతి వేరు.

ఒక్క మిల్లీసెకనులో

.308 తూటాలో మందు అంటుకోగానే గదిలో పీడనం గరిష్ఠంగా చదరపు అంగుళానికి 62,000 పౌండ్ల దాకా, అంటే వాతావరణ పీడనానికి నాలుగు వేల రెట్లకు పైగా లేస్తుంది. గుండు కదలడం మొదలై గొట్టం దాటడానికి పట్టేది ఒకటి, ఒకటిన్నర మిల్లీసెకన్లు. బయటపడేటప్పటికి దాని వేగం సెకనుకు 850 మీటర్ల పైమాటే. మెలిగాడులు దాన్ని నిమిషానికి రెండు లక్షల చుట్ల వేగంతో తిప్పి వదులుతాయి.

ఈ లోపల రైఫిల్ ఊరుకోదు. మూడున్నర కిలోల రైఫిల్, గుండు ఇంకా గొట్టంలో ఉండగానే సుమారు రెండు మిల్లీమీటర్లు వెనక్కి జరుగుతుంది. గొట్టం సన్నగా వణుకుతుంది. గొట్టం కంటే భుజం కిందికి ఉంటుంది కాబట్టి రైఫిల్ ముక్కు పైకి లేవాలని చూస్తుంది. గుండు బయటపడే క్షణాన గొట్టం కొస ఎటు చూస్తుంటే గుండు అటే పోతుంది.

వణుకు ఉండటం వల్ల నష్టం లేదు. ప్రతిసారీ ఒకేలా వణికితే గుండ్లన్నీ ఒకేచోట పడతాయి, ఆ చోటుకు స్కోప్‌ను సరిచేసుకుంటే సరిపోతుంది. వణుకు ఒక్కోసారి ఒక్కోలా ఉంటేనే చిక్కు. గొట్టానికి స్టాక్ ముందు భాగం ఒకసారి తగిలి, ఇంకోసారి తగలకపోతే జరిగేది అదే.

┌ పెట్టెలో: కాగితం మందం లెక్క ┐
55 సెంటీమీటర్ల గొట్టం. దాని కొస 0.14 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే వంద మీటర్ల దగ్గర గుండు రెండున్నర సెంటీమీటర్లు పక్కన పడుతుంది. మామూలు తెల్లకాగితం మందం 0.1 మిల్లీమీటరు. అంటే, మొదట్లో చెప్పిన నాలుగు వేళ్ళ తేడా రావడానికి గొట్టం కొస నాలుగు కాగితాల మందమంత లేస్తే చాలు. ఇంత చిన్న కదలిక కంటికి కనబడదు, చేతికి తెలియదు. అట్ట మీద మాత్రం దాచలేం.
└──────────────┘

మూత లేని అట్టపెట్టె

ఇంట్లో చెప్పుల అట్టపెట్టె ఉంటే మూత తీసి, రెండు చివరలూ పట్టుకుని బట్ట పిండినట్టు మెలిపెట్టండి. ఇట్టే తిరుగుతుంది. ఇప్పుడు మూత పెట్టి, చుట్టూ టేపు అంటించి మళ్ళీ మెలిపెట్టండి. అట్ట అదే, మందం అదే, కానీ ససేమిరా అంటుంది. పలుచని గోడలున్న పెట్టెకు నాలుగో వైపు మూసేస్తే మెలికను తట్టుకునే శక్తి వంద రెట్ల దాకా పెరుగుతుంది.

రైఫిల్ స్టాక్ ముందు భాగం మూత లేని పెట్టే. పైన గొట్టం కూర్చోవాలి కాబట్టి మూయడానికి లేదు. మూడు వైపులా పలుచటి గోడలు, నాలుగో వైపు ఖాళీ. రైఫిల్‌ను భుజాన వేసుకునే తోలుపట్టీని చేతికి మెలేసి లాగితే పక్కకు తిరుగుతుంది. బైపాడ్ మీద ఒరిగితే పైకి వంగుతుంది. రెండు విధాలా గొట్టాన్ని తాకే అవకాశం ఉంది.

పదార్థం కూడా తోడవుతుంది. వంగకుండా నిలిచే బిరుసుదనంలో ఉక్కుకు 200 మార్కులు వేస్తే అల్యూమినియానికి 70, నారవెంబడి వాల్‌నట్ కర్రకు 11 లేక 12 వస్తాయి. గాజుపీచు దండిగా కలిపిన నైలాన్‌కు 6 నుంచి 9, ఉత్త నైలాన్‌కు 3 లోపు, పాలీప్రొపిలీన్‌కు ఒకటిన్నర. పైగా నైలాన్ గాల్లోని తేమను పీల్చుకుని ఇంకాస్త మెత్తబడుతుంది. ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది, అదీ ఉక్కు కంటే ఎన్నో రెట్లు. ఎండాకాలంలో సరిచూసిన గురి నవంబర్ మంచులో అలాగే ఉండాలంటే, ఈ మార్పులేవీ గొట్టం దాకా చేరకూడదు.

త్రీనాట్‌త్రీలో స్ప్రింగు

ఇది ప్లాస్టిక్‌తో పుట్టిన సమస్య అనుకుంటే పొరపాటు. మనవైపు త్రీనాట్‌త్రీ అంటే తెలియని పెద్దవాళ్ళు ఉండరు. దశాబ్దాలపాటు పోలీసుల భుజాన వేలాడిన ఆ లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌ను మన దేశంలో ఇషాపూర్ కర్మాగారం తయారు చేసేది. దానికి కర్ర గొట్టం కొస దాకా ఉంటుంది, కాబట్టి తాకకుండా ఉంచే ప్రశ్నే లేదు. వానకు ఉబ్బే, ఎండకు పగిలే కర్రతో ఆ రైఫిల్ రూపకర్తలు మరో దారిన రాజీపడ్డారు. గొట్టం కొసకు దగ్గర్లో కర్ర లోపల ఒక చిన్న స్ప్రింగు, దాని మీద ఒక బొడిపె పెట్టారు. అది గొట్టాన్ని ఎప్పుడూ ఒకే బలంతో పైకి నెడుతూ ఉంటుంది. ఎలాగూ తాకక తప్పనప్పుడు, తాకిడైనా ప్రతిసారీ ఒకేలా ఉండాలని లెక్క. నాకు నచ్చే ఇంజనీరింగ్ ఇలాంటిదే. పదార్థం గుణాన్ని మార్చలేకపోతే దాని ప్రభావాన్ని స్థిరంగా ఉంచు.

ఇషాపూర్ రైఫిళ్ళను పరీక్షగా చూస్తే ముందు కర్రకు అడ్డంగా ఒక మరమేకు కనిపిస్తుంది. కర్ర చీలకుండా అక్కడివాళ్ళు చేర్చిన బందోబస్తు అది. ఆస్ట్రేలియాలోని లిత్‌గో కర్మాగారంలో మెత్తటి స్థానిక కలప వాడాల్సి వచ్చినప్పుడు, తన్నుడు పడే చోట రాగి పలకలు అమర్చారు. అమెరికా మెరైన్లు 1966లో వియత్నాంకు తీసుకెళ్ళిన ఎం40 స్నైపర్ రైఫిళ్ళ కర్ర స్టాకులు అడవి తేమకు ఉబ్బి గొట్టాన్ని ఒత్తసాగాయి. 1970లలో వచ్చిన ఎం40ఎ1కు మెక్‌మిలన్ ఫైబర్‌గ్లాస్ స్టాక్ వేశారు. గమనించండి, అక్కడ కర్రను తప్పించి రక్షించింది పొరలు పొరలుగా గాజుబట్ట అద్ది చేసిన ఒక రకం ప్లాస్టిక్కే. ఇవాళ వేల డాలర్ల రైఫిళ్ళకు ఉండేవీ అలాంటివే. సింథటిక్ స్టాక్ అని ఒకే గాటన కట్టడం అందుకే కుదరదు.

ముందు కాగితం, తర్వాతే జిగురు

చవక స్టాక్‌ను ఇంట్లో బాగుచేసుకోవడం అమెరికా వేటగాళ్ళకు ఒక సరదా. చాలామంది మొదటి రోజే జిగురు కలుపుతారు. అది తొందరపాటు. అసలు రోగం ఉందా అని ముందు చూసుకోవాలి.

రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, బోల్టు తీసి పక్కన పెట్టి, ఒక కాగితం ముక్కను గొట్టానికీ స్టాక్‌కూ మధ్య దూర్చి రిసీవర్ దాకా లాగాలి. అమెరికాలో డాలర్ నోటుతో చేస్తారు. అడ్డులేకుండా జారితే మొదటి పరీక్ష నెగ్గినట్టు. తర్వాత బైపాడ్ మీద ఒరిగినట్టుగా ముందు భాగాన్ని చేత్తో పైకి, అటూ ఇటూ నొక్కుతూ మళ్ళీ లాగాలి. చవక స్టాకులు ఎక్కువగా తప్పేది ఈ రెండో పరీక్షలోనే. మూడోది రేంజీలో. ఇసుక సంచిని రిసీవర్‌కు దగ్గరగా పెట్టి ఒక గుంపు, బైపాడ్‌తో ఒక గుంపు, మధ్యలో గొట్టం చల్లారనిచ్చి కాల్చాలి. చూడాల్సింది గుంపు వెడల్పు కాదు, రెండు గుంపుల నడిబొడ్డులు ఎంత దూరంలో ఉన్నాయన్నది. మూడేసి తూటాలతో తేల్చేస్తే అదృష్టం కూడా నైపుణ్యంలా కనిపిస్తుంది. పదేసి కాలిస్తే నమ్మొచ్చు.

తాకుతోందని తేలితే మొదటి మందు శాండ్‌పేపర్. గొట్టం కంటే కాస్త లావున్న గుండ్రటి కర్రకు చుట్టి, దోనె లోపలి అంచుల్ని సమంగా అరగదీస్తే చాలు. సగానికి సగం కేసుల్ని ఇదే కుదురుస్తుందని నా అంచనా. ఖర్చు పది రూపాయలంత. అయితే గోడలు ముందే పలుచన, ఎక్కువ అరగదీస్తే ఇంకా మెత్తబడతాయి. కొంతవరకు ఖాళీ పెంచడం, అక్కడి నుంచి బిరుసు పెంచడం, రెండూ కలవాలి.

బిరుసు పెంచడానికి దోనె అడుగున అడ్డపట్టీల మధ్య ఉన్న ఖాళీని వాడుకుంటారు. పట్టీలకు రంధ్రాలు చేసి, పొడవునా రెండు కడ్డీలు దూర్చి, చుట్టూ ఎపాక్సీ పోస్తారు. మన హార్డ్‌వేర్ షాపుల్లో అరాల్డైట్ పేరుతో దొరికే రెండు ట్యూబుల జిగురు కుటుంబమే ఇది. కడ్డీలుగా చాలామంది వాడేది విలువిద్యకు పనికొచ్చే కార్బన్ ఫైబర్ బాణాల పుల్లలు. తేలిక, బిరుసు, పైగా విరిగిన బాణాలు ఊరికే దొరుకుతాయి. ఉక్కు కడ్డీ కూడా పనిచేస్తుంది కానీ రైఫిల్ ముక్కు బరువెక్కుతుంది.

కడ్డీ ఎక్కడ పెడతామన్నది ఏ కడ్డీ అన్నంత ముఖ్యం. ఏ వస్తువైనా వంగినప్పుడు ఒక అంచు సాగుతుంది, ఎదుటి అంచు ముడుచుకుంటుంది, మధ్యలో ఒక గీత వెంబడి రెండూ ఉండవు. ఆ మధ్యగీత మీద పెట్టిన కడ్డీ దాదాపు దండగ. గీత నుంచి దూరం రెట్టింపైతే ప్రయోజనం నాలుగింతలవుతుంది. అందుకే రెండు కడ్డీలనూ పక్కపక్కన కాకుండా ఎడమ, కుడి మూలలకు తోస్తారు. వాటి మధ్య ఎపాక్సీని గోడ నుంచి గోడ దాకా నింపితే, గొట్టం కింద ఒక మూత ఏర్పడి మెలికకు కూడా అడ్డుపడుతుంది.

ఇక్కడ రెండు చోట్ల పని చెడుతుంది. నూనెతత్వం ఉన్న పాలీప్రొపిలీన్ లాంటి ప్లాస్టిక్‌లకు ఎపాక్సీ అతకదు. ఎండినాక ముద్ద ముద్దగా ఊడొస్తుంది. కాబట్టి లోపల బాగా గరుకు చేసి, జిడ్డు తుడిచి, పట్టీల్లో చిన్న చిన్న రంధ్రాలు చేస్తారు. జిగురు వాటిలోకి దిగి గట్టిపడితే అతకకపోయినా తాళం పడినట్టు ఉండిపోతుంది. రెండోది వేడి. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు తనంతట తానే వేడెక్కుతుంది. ఒకేసారి గిన్నెడు పోస్తే ఆ వేడికి పలుచటి గోడలు వంకరపోతాయి, ఆ వంకర అలాగే శాశ్వతమవుతుంది. పొరలుగా పోసి, ఒక్కో పొరా చల్లారాకే మరొకటి పోయాలి. స్టాక్‌ను సమతలంగా, ఎటూ ఒత్తిడి లేకుండా ఉంచాలి. పని మొత్తానికి పెరిగే బరువు వంద, నూట యాభై గ్రాములు దాటకూడదు.

┌ పెట్టెలో: ఫోమ్ పనికొస్తుందా? ┐
డబ్బా నొక్కితే ఉబ్బుతూ వచ్చే ఫోమ్‌ను ముందు భాగంలో నింపేవాళ్ళున్నారు. దాని బిరుసుదనం ఆ ప్లాస్టిక్ కంటే కూడా వందల రెట్లు తక్కువ. ఎంత నింపినా వంపు తగ్గదు. పైగా ఉబ్బేటప్పుడు గోడల్ని బయటికి నెట్టే ప్రమాదం ఉంది. వెనక మడమలో నింపితే మాత్రం లాభముంది. డొల్ల శబ్దం పోతుంది. జింక చెవులకు ఆ శబ్దం చాలా దూరం నుంచే అందుతుంది.
└──────────────┘

అసలు పునాది రిసీవర్ కింద

ముందు భాగాన్ని ఎంత బిగించినా, రిసీవర్ కూర్చునే చోటు కుదురుగా లేకపోతే శ్రమ వృథా. రిసీవర్‌ను రెండు మరలు స్టాక్‌కు బిగిస్తాయి. మరకూ లోహానికీ మధ్య నలిగేది ప్లాస్టిక్. ప్లాస్టిక్‌కు ఒక అలవాటుంది. ఒత్తిడిలో ఉంచితే విరగదు కానీ నెలల తరబడి నెమ్మదిగా జరిగిపోతుంది. ఇవాళ గట్టిగా బిగించిన మర వచ్చే సీజనుకు వదులు. దీనికి మందు పాతదే. మర చుట్టూ అల్యూమినియం గొట్టపు ముక్కను స్తంభంలా నిలబెడతారు. బిగింపు లోహం నుంచి లోహానికి పోతుంది, ప్లాస్టిక్ మీద పడదు. మరల్ని ఎంత బిగించాలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. ప్రతిసారీ అదే బలంతో బిగించే టార్క్ రెంచీ కొనడం ఈ వ్యవహారం మొత్తంలో తెలివైన ఖర్చు.

గుండు గొట్టం దాటేలోపు రైఫిల్ రెండు మిల్లీమీటర్లు వెనక్కి జరుగుతుందని చూశాం. ఆ తన్నుడంతా స్టాక్‌కు అందేది రీకాయిల్ లగ్ అనే ఒక చిన్న లోహపు పలక ద్వారా. దాని వెనక సందు ఉంటే రిసీవర్ ప్రతి పేలుడుకూ కొంచెం జారి కొత్తచోట కూర్చుంటుంది. అక్కడ ఎపాక్సీ పూసి, రిసీవర్‌ను కూర్చోబెట్టి, గట్టిపడ్డాక తీస్తే దాని ఆకారం అచ్చుదిగినట్టు మిగులుతుంది. దీన్ని బెడ్డింగ్ అంటారు. లోహానికి జిగురు అంటుకోకుండా చాలామంది రాసేది ఏమిటో తెలుసా? రంగులేని బూటు పాలిష్. రూగర్ అమెరికన్‌లో కంపెనీవాళ్ళే ప్లాస్టిక్‌లో ఉక్కు దిమ్మెలు పొదిగి ఈ కుదురును ముందే కల్పించారు. దాని ముందు భాగం మెత్తన అనేవాళ్ళు కూడా గురిని తప్పుపట్టకపోవడానికి ఒక కారణం అదే. పునాది గట్టిగా ఉండి గొట్టాన్ని ఏదీ తాకకపోతే, ముందు భాగం కొంత ఊగినా గుండుకు పట్టదు.

ఇదంతా అమెరికా సంగతి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. ఆయుధాల చట్టం కింద లైసెన్సున్న తుపాకీలోనూ సొంతంగా మార్పులు చేసే ప్రయోగాలు కుదరవు. మనకు ఈ శాస్త్రం దగ్గరగా కనిపించేది రైఫిల్ పోటీల్లో. 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చిన హైదరాబాదీ గగన్ నారంగ్ క్రీడలో ఇప్పుడు అల్యూమినియం స్టాకులదే రాజ్యం. ఎయిర్ రైఫిల్ గుండు నెమ్మదైనది, గొట్టంలో ఎక్కువసేపు ఉంటుంది. కాబట్టి స్టాక్ కదలికలు దాన్ని చెడగొట్టడానికి వ్యవధి కూడా ఎక్కువే.

అమెరికాలో చవక రైఫిల్ కొన్న తెలుగువాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, కాగితం పరీక్ష నెగ్గిన స్టాక్‌ను అలా వదిలేయండి. ఆ డబ్బుతో తూటాలు కొని రేంజీకి వెళ్ళండి. తాకుతుంటే శాండ్‌పేపర్, అప్పటికీ వంగుతుంటే కడ్డీలు, ఎపాక్సీ. రైఫిల్ ధర దాటే కొత్త స్టాక్ అన్నిటికన్నా చివరి మాట. ట్రిగ్గర్, సేఫ్టీ, బోల్టు మాత్రం ఎంత నేర్పున్నా ఇంట్లో విప్పొద్దు, అవి గన్‌స్మిత్ పని.